మందుల షాపు ముందు ఆగిన బండి

కర్నూలు నుంచి కడపకు పోయే రోడ్డు మన కాలేజీ వాళ్ళకు కొత్తది కాదు. ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు, ఖాజీపేట - ఈ పేర్లు నిద్రలో లేపి అడిగినా వరసగా ఒప్పజెప్పగలం. పాతవాళ్ళు దీన్ని ఇంకా 18వ నంబరు హైవే అనే అంటారు. ఇప్పుడు దాని నంబరు 40.

నేను చదువుకునే రోజుల్లో, నడివేసవిలో, మిట్టమధ్యాహ్నం, చాగలమర్రి దాటినాక మా జీపు నిలబడిపోయింది. డీజిల్ అయిపోయింది. ఒక మిత్రుడు ఎవరిదో సైకిలు అడుక్కుని పోయి డబ్బాలో ఐదు లీటర్లు పట్టుకొచ్చాడు. పోశాం. ఇక కడపలోనే కాఫీ అనుకున్నాం. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. కొట్టీ కొట్టీ బ్యాటరీ నీరసించింది. తోశాం, చెమటలు కక్కాం, లాభం లేదు. చివరికి దారిన పోయే లారీ ఆయన దిగి వచ్చి, బానెట్ ఎత్తి, ఫిల్టర్ దగ్గరున్న చిన్న బోల్టు స్పానరుతో వదులు చేసి, పక్కనున్న చేతిపంపు ఒత్తడం మొదలుపెట్టాడు. ముందు నురగ వచ్చింది. ఆ తర్వాత బుడగలు. ఆ తర్వాత బుడగ లేకుండా చిక్కగా డీజిల్ వచ్చింది. బోల్టు బిగించి, కొట్టమన్నాడు. ఇంజను అంటుకుంది. పోతూ పోతూ, మీరు ట్యాంకుకు పోశారు గానీ ఇంజనుకు పోయలేదు అన్నాడు. మేం ఏం చదువుతున్నామో అడిగాడు. చెప్పడానికి మాకు సిగ్గేసింది.

తర్వాత చాలా ఏళ్ళకు ఒక జర్మన్ ఆడమనిషి జీవితం గురించి చదువుతుంటే ఆ లారీ ఆయన మాటే గుర్తొచ్చింది. దారిలో ఆయిలు అయిపోయి నిలబడ్డ కారును మళ్ళీ నడిపించిన వాళ్ళలో చరిత్రకు తెలిసిన మొదటి మనిషి ఆమె. పేరు బెర్తా బెంజ్. బెంజ్ అనే మాట మనకు కారు మీది నక్షత్రం గుర్తుతోనే పరిచయం. ఆ పేరు వెనక ఒక ఇల్లాలు ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. అందుకే ఈ సంచికలో ఆమె కథ.

బెర్తా 1849 మే 3న జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ ఊళ్ళో పుట్టింది. నగల పనికి పేరుపడ్డ ఊరది. తండ్రి రింగర్ వడ్రంగం నుంచి పైకి వచ్చి, ఇళ్ళు కట్టించే మేస్త్రీగా బాగా సంపాదించినవాడు. మళ్ళీ ఆడపిల్లే పుట్టిందని ఆయన ఇంట్లోని బైబిలు పుస్తకంలో విచారంగా రాసుకున్నాడని చెబుతారు. ఆ రాత తన కంట పడినప్పుడు పిల్ల మనసు ఎంత చివుక్కుమని ఉంటుందో మన ఇళ్ళల్లోని ఆడపిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకు యూనివర్సిటీ తలుపులు తెరుచుకోలేదు. అయినా ఆమెకు యంత్రాలంటే ఆసక్తి పోలేదు.

1869లో ఒక విహారయాత్రలో ఆమెకు కార్ల్ బెంజ్ పరిచయమయ్యాడు. రైలింజను డ్రైవరు కొడుకు. రెండేళ్ళ వయసులోనే తండ్రి పోతే తల్లి కష్టపడి చదివించింది. పదిహేనేళ్ళకే కార్ల్స్‌రూహె పాలిటెక్నిక్‌లో చేరి, 1864లో చదువు ముగించాడు. తెలివి ఉంది, పనితనం ఉంది. చేతిలో పైసా లేదు. గుర్రం లేకుండా తనంతట తాను నడిచే బండి తయారు చేయాలన్నది అతని పిచ్చి. ఉన్నవాళ్ళ పిల్ల, లేనివాణ్ణి ఇష్టపడింది.

1871లో కార్ల్, ఆగస్ట్ రిట్టర్ అనే భాగస్తుడితో కలిసి మాన్‌హైమ్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టాడు. భాగస్తుడు నమ్మదగ్గవాడు కాకపోయాడు. పనిముట్లు జప్తు అయ్యే దాకా వచ్చింది. అప్పుడు బెర్తా ఒక పని చేసింది. పెళ్ళికి ఇవ్వాల్సిన కట్నం సొమ్ము ముందుగానే తనకు ఇమ్మని తండ్రిని అడిగింది. ఆ డబ్బుతో రిట్టర్ వాటా కొనిపించి అతన్ని పంపించేసింది. పెళ్ళి ఆ మరుసటి సంవత్సరం, 1872 జూలై 20న జరిగింది. కట్నం మంచిదని నేను చెప్పడం లేదు, పొరపాటు పడకండి. కట్నం అనేది పెళ్ళికొడుకు ఇంట్లో మంచాలుగా, బీరువాలుగా, విందుగా కరిగిపోవడమే మనం చూశాం. ఈ పిల్ల మాత్రం దాన్ని పెట్టుబడి చేసింది. అయితే అప్పటి చట్టం పెళ్ళైన ఆడదానికి ఆ వ్యాపారంలో స్వతంత్రమైన హక్కేదీ మిగల్చలేదు. డబ్బు ఆమెది, పేరు అతనిది.

ఆ తర్వాత పది పన్నెండేళ్ళు బాధలే. పిల్లలు పుడుతున్నారు, అప్పులు పెరుగుతున్నాయి. 1879 డిసెంబరు 31 రాత్రి. అంతకుముందు ఎన్నిసార్లు తిప్పినా పలకని ఇంజను వర్క్‌షాపులో పడి ఉంది. భోజనాలయినాక, ఇంకొక్కసారి చూద్దాం పద అని భర్తను బయల్దేరదీసింది బెర్తాయేనని కార్ల్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ రాత్రి ఇంజను పలికింది. అదే అతని మొదటి రెండు స్ట్రోకుల ఇంజను. ఆ ఇద్దరూ గంటసేపు దాని చప్పుడు వింటూ నిలబడ్డారట.

1886 జనవరి 29న కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు అడిగాడు. దాని నంబరు 37435. ప్రపంచం కారుకు పుట్టినరోజుగా చెప్పుకునే తేదీ అదే. మూడు చక్రాలు, వెనక భాగంలో ఒకే సిలిండరున్న ఇంజను, ముక్కాలు గుర్రపు బలం. ఆ జూలైలో బండి మాన్‌హైమ్ వీధుల్లో జనం చూస్తుండగా నడిచింది. జనం చూశారు, నవ్వారు, పోయారు. కొన్నవాళ్ళు లేరు. గుర్రం ఉండగా పొగ కక్కే ఈ పెట్టె ఎందుకన్నారు. కార్ల్ స్వభావం మనం క్లాసుల్లో చూసే కొందరు తెలివైన కుర్రాళ్ళ లాంటిది. ఇంకా ఈ స్క్రూ బాగు చేయాలి, ఆ గొట్టం మార్చాలి అంటూ వర్క్‌షాపులోనే కూర్చుంటాడు. బండిని ఊరు దాటించి చూపించే ధైర్యం చేయడు.

మా జీపు సంగతి ఇక్కడ జ్ఞాపకం చేసుకోండి. ట్యాంకులో డీజిల్ ఉంది, ఇంజనులోకి వెళ్ళడం లేదు. నడుమ గాలి పట్టింది. బెంజ్ గారి వ్యవహారమూ అంతే. తెలివి ఉంది, పేటెంటు ఉంది, బండి ఉంది. జనం దగ్గరికి చేరే దారిలో గాలి పట్టింది. ఆ గాలి తీసిన మనిషి బెర్తా.

1888 ఆగస్టు మొదటి వారం. మన వైపు చూస్తే, కె.సి. కెనాల్ తవ్వి ఇరవై ఏళ్ళు కావస్తోంది. ధాత కరువు నుంచి జనం అప్పుడప్పుడే తేరుకుంటున్నారు. కర్నూలు నుంచి కడపకు ఎద్దులబండే గతి. అక్కడ పిల్లలకు బడి సెలవులు. బెర్తా ఒక తెల్లవారుజామున, భర్త నిద్ర లేవకముందే, కొడుకులు ఆయిగెన్, రిషార్డ్‌లను లేపింది. పెద్దవాడికి పదిహేను, చిన్నవాడికి పధ్నాలుగు నిండలేదు. ముగ్గురూ కలిసి మూడో నమూనా బండిని షెడ్డులోంచి బయటికి తోసి, స్టార్టు చేసి బయల్దేరారు. భర్తకు చెప్పలేదు, అధికారుల అనుమతి అడగలేదు. పోయేది ఫోర్జ్‌హైమ్‌కు, అంటే పుట్టింటికి. దూరం సుమారు 106 కిలోమీటర్లు. మన లెక్కలో కర్నూలు నుంచి ఆళ్ళగడ్డ దాకా. అంతకుముందు ఏ మోటారు బండీ అంత దూరం పోయి ఎరగదు.

ఆ రోజుల్లో రోడ్డంటే గుర్రబ్బండ్ల జాడలు పడిన మట్టిబాట. దారి చూపే బోర్డులు లేవు. హైడెల్‌బెర్గ్ దాటారు. నీళ్ళ బాధ మొదలైంది. ఇంజను చుట్టూ ఉన్న నీళ్ళు మరిగి ఆవిరై పోతేనే అది చల్లబడే పద్ధతి. ఎప్పటికప్పుడు పోస్తూ ఉండాలి. కనబడ్డ బావి దగ్గరల్లా, వాగు దగ్గరల్లా ఆగి నీళ్ళు మోశారు పిల్లలు. మన సీమలో బిందె పట్టుకుని బోరింగు దగ్గర నిలబడ్డవాళ్ళకు ఈ పాట్లు వేరే వివరించాలా?

తర్వాత అసలు కష్టం వచ్చింది. ఆ బండికి ఇప్పటి కార్లలాగా పెద్ద ట్యాంకు లేదు. కార్బురేటరులోనే సుమారు నాలుగున్నర లీటర్లు పడుతుంది, అంతే. వీజ్‌లోఖ్ అనే చిన్న ఊరు చేరేసరికి అది అడుగంటింది. ఇంకా సగం దారి కూడా కాలేదు. ప్రపంచంలో ఎక్కడా పెట్రోలు బంకు లేదు. పెట్రోలు బంకు అనే ఊహే లేదు. పిల్లల్ని వెంటేసుకుని నడిదారిలో నిలబడ్డ ఆడమనిషి ఏం చేస్తుంది? ఇంటికి కబురు పంపుతుంది. లేదా గుర్రాలు కట్టించి బండిని వెనక్కి లాగిస్తుంది. చూసేవాళ్ళు కూడా అదే అనుకుని ఉంటారు.

బెర్తా నేరుగా ఊళ్ళోని మందుల షాపుకు పోయింది. లిగ్రోయిన్ కావాలని అడిగింది. లిగ్రోయిన్ అంటే ముడి నూనెను మరిగించి వడగట్టినప్పుడు ముందుగా వచ్చే తేలిక రకాల్లో ఒకటి. ఇట్టే ఆవిరవుతుంది, ఇట్టే అంటుకుంటుంది. అప్పట్లో దాన్ని గుడ్డల మీద జిడ్డు మరకలు పోగొట్టడానికి మందుల షాపుల్లో చిన్న చిన్న సీసాల్లో అమ్మేవాళ్ళు. షాపు యజమాని విల్లీ ఓకర్. మరక పోవడానికి ఒక సీసా చాలుకదా, షాపులో ఉన్నదంతా ఎందుకని అతను వింతగా చూసి ఉంటాడు. ఉన్న కొద్ది లీటర్లూ ఆమె కొనేసింది. కార్బురేటరులో పోసింది. వెనక పడుకోబెట్టినట్టుండే పెద్ద ఫ్లైవీలును చేతులతో పట్టి తిప్పారు. ఇంజను అంటుకుంది.

చూడడానికి చాలా చిన్న సంగతి. దీంట్లోని గొప్ప ఎక్కడుందో ఇంజనీరింగు విద్యార్థులు గమనించాలి. ఆ కార్బురేటరులో నూనె నేరుగా మండదు. దాని మీదుగా పోయే గాలి ఆవిరిని పట్టుకుపోయి సిలిండరులో చేరిస్తే, అక్కడ నిప్పురవ్వ తగిలి మండుతుంది. అంటే ఇంజనుకు కావలసింది ఫలానా పేరున్న నూనె కాదు, త్వరగా ఆవిరయ్యే నూనె. ఈ సూత్రం తెలిసినవాళ్ళకు మందుల షాపు కూడా బంకే. తెలియనివాళ్ళకు బంకు పక్కనే ఉన్నా బండి కదలదు - మా జీపులాగా. బెర్తా ధైర్యం గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం ధైర్యం కంటే ఆ తెలివిడి పెద్దదిగా కనబడుతుంది. భర్త వర్క్‌షాపులో పదహారేళ్ళు కళ్ళు తెరుచుకుని తిరిగినందుకు వచ్చిన తెలివిడి అది. ఏ యూనివర్సిటీ ఆమెకు చెప్పలేదు.

అక్కడితో కష్టాలు తీరలేదు. నూనె గొట్టంలో నలక అడ్డుపడితే తలమీది టోపీకి పెట్టుకునే పొడుగాటి పిన్నుతో పొడిచి తీసింది. కరెంటు తీగె మీది తొడుగు ఒరిసిపోతే మేజోడు కట్టుకునే పట్టీ చుట్టింది. గొలుసు సాగిపోతే దారిలో కమ్మరి చేత బాగు చేయించింది. ఎత్తు వస్తే ఇంజను బలం చాలక, ఒకరు హ్యాండిలు దగ్గర ఉంటే మిగతావాళ్ళు దిగి తోశారు. పల్లం వస్తే చెక్క బ్రేకులు అరిగిపోతున్నాయి. ఒక ఊళ్ళో చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించింది. ఇవాళ మనం బ్రేక్ లైనింగ్ అంటున్నది అట్లా మొదలైంది.

చీకటి పడే వేళకు ముగ్గురూ దుమ్ము కొట్టుకుపోయి ఫోర్జ్‌హైమ్ చేరారు. బెర్తా భర్తకు టెలిగ్రాం కొట్టింది. కొన్ని రోజులుండి వేరే దారిన అదే బండిలో తిరిగివచ్చారు. వెళ్ళిరాను కలిపి దాదాపు 194 కిలోమీటర్లు; ఇంచుమించు మన కర్నూలు నుంచి కడపకు ఒకసారి పోయినంత.

ఇంటికి వచ్చి ఆమె చేసిన పని పొగడ్తలు వినడం కాదు, లోపాల జాబితా చెప్పడం. ఎత్తులెక్కడానికి ఇంకో గేరు కావాలి, బ్రేకులకు తోలు ఉండాలి అన్నది. కార్ల్ అవి చేశాడు. దారి పొడుగునా జనం చూశారు గనక కబురు తానే పాకింది. గుర్రం లేని బండి ఊళ్ళు దాటి పోయి వచ్చిందట, ఒక తల్లీ ఇద్దరు పిల్లలూ నడిపారట! ఇక దాన్ని వట్టి ఆటబొమ్మ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. మరుసటి ఏడు పారిస్ ఎగ్జిబిషన్‌లో బండిని పెట్టారు. 1899 నాటికి బెంజ్ కంపెనీ ఏడాదికి 572 బండ్లు చేసే స్థాయికి ఎదిగింది; ప్రపంచంలో అప్పటికి దానికంటే పెద్ద కార్ల కంపెనీ లేదు.

తర్వాతి జీవితం అంతా పూలబాట అనుకోవద్దు. కంపెనీలో పెద్దలతో పొసగక 1903లో కార్ల్ పక్కకు తప్పుకున్నాడు. 1906లో కొడుకుతో కలిసి లాడెన్‌బుర్గ్‌లో ఇంకో చిన్న కంపెనీ పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన ధరల పెరుగుదలలో, 1923 నాటికి జర్మనీలో అందరి పొదుపూ చిత్తుకాగితమైంది, వాళ్ళదీ అంతే. 1926లో బెంజ్, డైమ్లర్ కంపెనీలు కలిసిపోయాయి. 1929 ఏప్రిల్ 4న కార్ల్ కన్నుమూశాడు. బెర్తా ఆ తర్వాత పదిహేనేళ్ళు బతికింది.

1944 మే 3న ఆమెకు తొంభై ఐదేళ్ళు నిండాయి. ఆ రోజు కార్ల్స్‌రూహె సాంకేతిక విశ్వవిద్యాలయం - భర్త చదివిన చోటు, తనకు చదివే అవకాశం లేకపోయిన చోటు - ఆమెకు గౌరవ సెనేటర్ బిరుదు ఇచ్చింది. రెండు రోజుల తర్వాత, మే 5న, లాడెన్‌బుర్గ్‌లో ఆమె కన్నుమూసింది. యూనివర్సిటీ తలుపు తెరుచుకోవడానికి ఆమె తొంభై ఐదేళ్ళు ఆగవలసి వచ్చింది.

ఆమె పోయిన ఆ యుద్ధకాలంలో లోకమంతా పెట్రోలుకు కటకట. జర్మనీలో బండ్లకు పొయ్యి కట్టి కట్టెల గ్యాసుతో నడిపారు. మన మద్రాసు రాష్ట్రంలో బస్సుల వెనక డ్రమ్ము బిగించి బొగ్గు గ్యాసుతో నడిపారు. పొద్దున్నే క్లీనరు చేతి పంకా తిప్పీ తిప్పీ బొగ్గులు రాజేస్తే గాని బస్సు కదిలేది కాదని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం. వీజ్‌లోఖ్ మందుల షాపులో బెర్తా వాడిన సూత్రమే అది. ఇంజనుకు పేరుతో పనిలేదు, మండే ఆవిరో వాయువో ఏదో ఒకటి అందాలి.

లోకం ఆమెను గుర్తించడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఆమె పోయిన దారిని 2008లో స్మారక మార్గంగా ప్రకటించారు. వీజ్‌లోఖ్ మందుల షాపును ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు అని చెప్పుకుంటారు. దాని ముందు స్మారక చిహ్నం ఉంది. అమెరికాలోని ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో కార్ల్ పేరు 1984లో చేర్చారు. బెర్తా పేరు చేర్చింది 2016లో.

మిత్రులారా, ఈ కాలపు పెట్రోలు కారు ఆయిలు అయిపోయి ఆగితే పెద్ద కష్టం లేదు. రోడ్డు పక్కకు తీసి, ఒకటి రెండు లీటర్లు పోసి, తాళం వెంటనే స్టార్టు దాకా తిప్పకుండా ఆన్‌లో కొన్ని సెకన్లు పెట్టి తీస్తే, లోపలి పంపు నూనెను ముందుకు తెస్తుంది. రెండు మూడుసార్లు అట్లా చేసి అప్పుడు కొట్టాలి. ఒక్కపట్టున పది సెకన్లకు మించి కొట్టకూడదు. పాత డీజిల్ బండి అయితే మా లారీ ఆయన చేసినట్టు గాలి తీయాలి. ఇంతే విద్య. ఇది తెలియకనే కదా మేం ఆ ఎండలో చెమటలు కక్కింది!

కానీ బండి కాకుండా ఆగిపోయేవి ఇంకా ఉంటాయి. మన జిల్లాల్లో ఇంటర్‌తోనో, డిగ్రీ మొదటి ఏడుతోనో ఆగిపోయిన ఆడపిల్లల చదువులు ఎన్ని లేవు? ఆ పిల్లలకు తెలివి లేక కాదు. ట్యాంకు నిండుగానే ఉంది. నడుమ ఎక్కడో గాలి పట్టింది. ఆ బోల్టు వదులు చేసే చెయ్యి ఒక అన్నది కావచ్చు, ఒక లెక్చరరుది కావచ్చు, పక్క బెంచీలోని స్నేహితురాలిది కావచ్చు. బెర్తా బెంజ్ తన భర్త బండికి ఆ పని చేసింది. ఆమె చదువుకు ఆ పని చేసినవాళ్ళు మాత్రం లేకపోయారు. ఈ సంచిక చదివే మనలో ఒకరిద్దరైనా ఎవరో ఒక పిల్ల చదువుకు ఆ పని చేస్తే, ఆ లారీ ఆయన ముందు మేం పడ్డ సిగ్గు కొంతైనా తీరినట్టే.